మీ మ్యాగజైన్‌లో లోపానికి నా రైఫిల్‌ని అరగదీయాలా?

కస్టమర్ సర్వీస్ వారికి,

మొన్న మీ చాట్‌లో దొరికినతను గుంటూరు అబ్బాయట. ఇంగ్లీష్‌లో రెండు మెయిళ్ళు పెడితే రెండిటికీ అదే రెడీమేడ్ జవాబు వచ్చిందని చెప్తే "అన్నా, జరిగింది జరిగినట్టు తెలుగులోనే రాయండి, నేను క్వాలిటీ వాళ్ళకి చదివి చెప్తా" అన్నాడు, అందుకే ఇలా రాస్తున్నా.

మార్చిలో మీ దగ్గర 25 రౌండ్ల మ్యాగజైన్లు (తూటాలు నింపి రైఫిల్‌కి తగిలించేవి) రెండు కొన్నా, షిప్పింగ్‌తో కలిపి 48 డాలర్లు. నాది రూగర్ 10/22, .22 తూటాలు కాల్చే రైఫిల్, డల్లాస్ దగ్గర మా వీధిలో ఉండే పెద్దాయన ఇల్లు మారుతూ నాకు అమ్మారు, 1970ల నాటిది, చెక్క స్టాక్. ఈ మోడల్ 1964లోనే వచ్చింది కాబట్టి దీనికి ఏ మ్యాగజైన్ చేసినా పాత రైఫిళ్ళలో కూడా పనిచేయాలి కదా, మీ డబ్బా మీద కూడా అన్ని 10/22లకీ సరిపోతుందనే ఉంది.

మొదటిరోజు షూటింగ్ రేంజ్‌లో 25 తూటాల్లో నాలుగుసార్లు జామ్ అయింది. తూటా ముక్కు కిందికి వాలి చాంబర్ (కాల్చేముందు తూటా కూర్చునే గది) కింది అంచుకి గుద్దుకుంటోంది, బయటికి తీసి చూస్తే సీసం ఒకపక్క గీసుకుపోయి ఉంది. నిజం చెప్పాలంటే మొదట నా రైఫిల్‌నే అనుమానించా, పాతది కదా అని. ఇంటికొచ్చి చాంబర్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, ఇంట్లో పిల్లలున్నారు కాబట్టి తూటాలన్నీ వేరే గదిలో తాళం వేసి, బోల్ట్ (తూటాని చాంబర్‌లోకి తోసే భాగం) ఊడదీసి మొత్తం శుభ్రం చేశా. .22 బుల్లెట్ మీద మైనం లాంటి పూత ఉంటుంది, అదీ మసీ కలిసి చాంబర్‌లో గట్టిగా పేరుకుపోతుంది, బ్రష్‌తో చాలాసేపు రుద్దితేగానీ రాలేదు, కాలిన తూటా ఖోళీని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కిందదైతే టూత్‌పిక్‌తో తీయాల్సి వచ్చింది. తూటాలు కూడా మార్చా, స్టాండర్డ్ వాటికి బోల్ట్‌ని పూర్తిగా వెనక్కి తోసే బలం చాలట్లేదేమో అని ఎక్కువ వేగంతో వెళ్ళే హై వెలాసిటీవి తెచ్చా.

మళ్ళీ రేంజ్‌కి వెళ్ళా. రైఫిల్‌తో వచ్చిన పాత 10 రౌండ్ల రోటరీ (లోపల తూటాలు గుండ్రంగా తిరిగే) మ్యాగజైన్‌తో 50 కాల్చా, ఒక్కటీ ఆగలేదు. మీ వాటితో చెరో 50 కాలిస్తే మొత్తం 11 జామ్‌లు, అందులో 9 ఒక్క మ్యాగజైన్‌లోనే. అదే రైఫిల్, అదే తూటాలు, మారింది మ్యాగజైన్ ఒక్కటే, ఇంక తప్పు ఎక్కడుందో వేరే చెప్పాలా?

ఇంట్లో ప్లాస్టిక్ డమ్మీ తూటాలతో బోల్ట్‌ని చేత్తో నెమ్మదిగా లాగి చూస్తే కూడా అదే, ముక్కు కిందికే వాలుతోంది. క్యాలిపర్ పెట్టి కొలిచా, ఎక్కువ ఆగే మ్యాగజైన్‌లో తూటాని పట్టుకునే లిప్స్ మధ్య సందు రెండోదానికంటే 0.4 మిల్లీమీటర్లు ఎక్కువ. పాత రోటరీ మ్యాగజైన్‌లో లిప్స్ స్టీల్‌వి, మీవి ప్లాస్టిక్‌వి, ఒకే ఆర్డర్‌లో వచ్చిన రెండిటికీ అంత తేడా ఎలా వచ్చిందో మీరే చెప్పాలి.

ఇదంతా ఫొటోలతో సహా పంపితే మీ టెక్నీషియన్ గారి సలహా ఏంటంటే, చాంబర్ కింది అంచుని ఆకురాయితో కొంచెం అరగదీయమని! ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. నాకు అసలు కోపం వచ్చింది ఇక్కడే, డబ్బు గురించి కాదు. .22 తూటా వెనక భాగం పల్చటి ఇత్తడి, దానికి చుట్టూ ఆధారం చాంబరే, అక్కడ ఎక్కువ అరిగితే ఆ ఇత్తడి పగిలి వేడి గ్యాస్ కాల్చేవాడి ముఖం వైపుకే కొట్టొచ్చు. నాకు తెలుసు కాబట్టి చేయలేదు, కొత్తగా కొనుక్కున్న కుర్రాడెవరైనా మీ మాట నమ్మి అరగదీస్తే? పోయిన లోహం మళ్ళీ రాదు.

ఇంకో మాట, 30 రోజుల రిటర్న్ గడువు దాటిందని అంటున్నారు, నేను మొదటి మెయిల్ పెట్టింది 22వ రోజున, మీరు జవాబివ్వడానికి 9 రోజులు పట్టింది, ఆ లెక్క నా మీద వేయకండి.

నా 48 డాలర్లు వెనక్కి ఇవ్వండి, అరగదీయమనే ఆ సలహా ఇకమీద ఎవరికీ ఇవ్వొద్దని మీ టెక్నీషియన్లకి చెప్పి, చెప్పామని నాకు రాతపూర్వకంగా పంపండి. మ్యాగజైన్లకి టేప్ వేసి 1, 2 అని రాసి డబ్బాలో పెట్టా, ఎక్కువ ఆగేది 2వది, రిటర్న్ లేబుల్ రాగానే పంపిస్తా.

ఇట్లు,
మీ కస్టమర్