ఫోక్స్‌వాగన్ కథ సగమే చెబితే ఎలా?

సంపాదకుల వారికి నమస్కారం.

జర్మన్ కారంటే మనవాళ్లకు ఎక్కడలేని గురి. ఫోక్స్‌వాగన్ గురించి రాసేవాళ్లు బీటిల్ కారు అందం దగ్గర మొదలుపెట్టి ఇంజిన్ గట్టిదనం దగ్గర ఆపేస్తారు. ఆ కంపెనీని నమ్మి ముందుగా డబ్బు కట్టినవాళ్లకు ఏం జరిగిందో కూడా రాయండి.

1938లో జర్మనీలోని నాజీ ప్రభుత్వం వారానికి కనీసం 5 మార్కుల (అప్పటి జర్మన్ డబ్బు) స్టాంపు కొని పుస్తకంలో అంటించుకోమంది. 990 మార్కుల ఫోక్స్‌వాగన్ కారు ఇంటికొస్తుందని ఆశపెట్టింది. 3 లక్షల మందికి పైగా జనం పైసా పైసా కూడబెట్టి కట్టారు. ఒక్కరికీ కారు రాలేదు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక ఫోక్స్‌వాగన్ ఫ్యాక్టరీలో సైనిక వాహనాలు తయారయ్యాయి. నిర్బంధ శిబిరాల ఖైదీలతో సహా వేలాది మందితో అక్కడ వెట్టిచాకిరి చేయించారు.

1945 తర్వాత దాన్ని మళ్లీ నిలబెట్టింది బ్రిటిష్ సైన్యంలోని మేజర్ ఐవాన్ హర్స్ట్. 2 కోట్లకు పైగా తయారైన బీటిల్ ఘనతలో ఆయన వాటా చాలా పెద్దది. ఆ పేరు మనకెంతమందికి తెలుసు?

ఇక 2015. కారుకు పరీక్ష జరుగుతోందని పసిగట్టి, అప్పుడు మాత్రమే విషవాయువులు తగ్గించే సాఫ్ట్‌వేర్ బయటపడింది. ఈ కంపెనీ తయారుచేసిన దాదాపు 1.1 కోట్ల డీజిల్ కార్లలో అది ఉంది. రోడ్డెక్కితే నైట్రోజన్ ఆక్సైడ్లు అమెరికా పరిమితికి 40 రెట్ల దాకా! ఆ గాలి పీల్చింది కారున్నవాళ్లు ఒక్కరేనా? దీన్ని చిన్న పొరపాటుగా కొట్టిపారేస్తే నాకు మింగుడుపడదు.

మీ ఆటోమొబైల్ పేజీలో ఈ సంగతులకూ చోటివ్వాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విజయనగరం