ఫోన్ లాగేస్తే సరిపోదురా

మామా,

నిన్న ఫోన్‌లో నువ్వు పాప గురించి చెప్పినప్పటి నుంచి మనసంతా అక్కడే ఉంది. తొమ్మిదో తరగతి పిల్ల, ఇంటికొస్తే సెల్ వదలదు, పిలిస్తే పలకదు, లాక్కుంటే అన్నం మానేస్తోందన్నావు. రెండు నిమిషాల్లో తేలే సంగతి కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా.

పీఈటీగా నేను రోజూ చూసేదే చెప్తా. మొన్న ఎనిమిదో తరగతి వాళ్లను గ్రౌండ్‌లో గొంతుక్కూర్చోమన్నా. ఖోఖో ఆడాలంటే అట్లా కూర్చోవడం రావాలి కదా. చాలామందికి మడమలు నేలకు ఆనలేదు, ముందుకు తూలి చేతులు ఆనించేశారు. ఒక పిల్లోడైతే లేవడానికి పక్కోని భుజం పట్టుకున్నాడు. పదమూడేళ్లు వానికి! ఆ వయసులో మనం చింతచెట్టెక్కి చిటారుకొమ్మ పట్టుకునేవాళ్లం. వానికి జబ్బేమీ లేదు, వాడకం లేక కాళ్లు బిగుసుకుపోయాయి, అంతే.

అందరూ సెల్‌ను తిడతారు. నేను మాత్రం ముందు పిల్లల టైం టేబుల్ చూడమంటా. పొద్దున ఏడుకే స్టడీ అవర్, ఆ తర్వాత సాయంత్రం దాకా బెంచీ, బడి వదిలితే ఆటో, ఆపైన ట్యూషన్. ఇల్లు చేరేసరికి ఎనిమిది. ఇదంతా కూర్చునే కదరా! చివర్లో సెల్ పట్టుకుని మంచమెక్కితే మన కంటికి అదొక్కటే కనిపిస్తుంది. సెల్ లాగేస్తే సెల్ పోతుంది, కూర్చోవడం పోదు. ఉన్న ఒక్క ఆటల పీరియడ్‌నూ పరీక్షలొస్తున్నాయని లెక్కలకు ఇచ్చేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఆయాసం వచ్చేలా ఆడాలని, వారంలో కనీసం 3 రోజులు ఎముకలు, కండరాలు గట్టిపడే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. 146 దేశాల లెక్కలు తీస్తే, 2016 నాటికి 11-17 ఏళ్ల వాళ్లలో 81 శాతం మందికి ఆ గంట కూడా దక్కలేదు. మగపిల్లల్లో 78, ఆడపిల్లల్లో 85. ఆ 85 చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. పెద్దమనిషైందంటే చాలు, ఆటలు మాన్పించేది మనమే. ఎముకల్లో బలం చాలావరకు ఇరవై ఏళ్ల లోపే పోగవుతుంది మామా. అప్పుడు పరిగెత్తని, దూకని పిల్ల ఆ బలాన్ని తర్వాతెప్పుడో తెచ్చుకోవడం కష్టం. పగటి వెలుతురులో తిరిగే పిల్లలకు సైట్ వచ్చే అవకాశం కూడా తగ్గుతుంది.

ఆడపిల్లకు గ్రౌండ్ ఎందుకని మీ అమ్మ అంటే మన అనంతపురం సంగతే చెప్పు. 2010లో టెన్నిస్ ఆటగాడు రఫెల్ నాదల్ ఫౌండేషన్, ఇక్కడి స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీతో (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) కలిసి టెన్నిస్ స్కూల్ పెట్టింది కదా. చుట్టుపక్కల పేద ఇళ్ల ఆడపిల్లలు అందులో రాకెట్ పట్టారు.

నన్నడిగితే ముందు ఒక ట్యూషన్ మాన్పించు. సాయంత్రం ఐదున్నరకు, ఎండ తగ్గాక, గ్రౌండ్‌కి పంపు. ఒంటరిగా మాత్రం పంపొద్దు. ఈ వయసు పిల్లలు తోటివాళ్లు ఎక్కడుంటే అక్కడుంటారు, ఇప్పుడు వాళ్లంతా సెల్‌లోనే ఉన్నారు. కాబట్టి పక్కింటి పిల్లనో క్లాస్‌మేట్‌నో జత చెయ్, షటిలైనా సరే, తాడాటైనా సరే. రాత్రి సెల్‌లన్నీ హాల్లోనే ఛార్జింగ్ పెట్టండి, నీదీ చెల్లెమ్మదీ కూడా. ఆ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, దిండు కింద సెల్ ఉంటే అది దక్కదు. వారం దాకా చిరాకు పడుతుంది, పడనీ. తిట్టొద్దు, కొట్టొద్దు.

ఇంకొకటి, వాళ్ల స్కూల్‌కి పోయి ఆటల పీరియడ్ నిజంగా జరుగుతోందా, కాగితం మీదే ఉందా కనుక్కో. జరగట్లేదంటే మిగతా తల్లిదండ్రుల్ని కూడగట్టుకుని హెడ్‌మాస్టర్ని కలువు. ఏమన్నారో నాకు వెంటనే చెప్పు.

నీ మామ