పొద్దున పరుగెత్తే పిల్లలకు పదింటికే ఆకలి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను రిటైరైన పీఈటీని. మా ఊరి కాలేజీ గ్రౌండులో రోజూ పొద్దున అయిదింటికి కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు ముప్పై నలభై మంది పరుగెత్తుతారు. అడిగినవాళ్లకు రౌండ్లు లెక్కపెట్టి టైం చెబుతుంటాను, జీతం లేదు గానీ ఇంట్లో కూర్చోవడం కంటే నయం. 2022 తెలంగాణ పోలీసు నోటిఫికేషన్‌లో మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలని పెట్టారు. ఆ ఏడు నిమిషాల గురించి కోచింగ్ సెంటర్లు చాలా చెబుతాయి. మిగతా రోజంతా ఏం తినాలో మాత్రం ఎవరూ చెప్పట్లేదు.

పిల్లలందరిదీ ఒకటే మాట, "తిన్నది నిలవట్లేదు సార్, పదింటికే ఆకలేస్తోంది" అని. తినట్లేదేమో అనుకునేరు, పళ్లెం నిండా తింటున్నారు. ఓ రోజు నలుగురైదుగురిని కూర్చోబెట్టి నిన్నంతా ఏం తిన్నారో చెప్పమన్నాను. పొద్దున హాస్టల్లో ఉప్మానో పులిహోరో, పదకొండింటికి చాయ్, రెండు బిస్కెట్లు, మధ్యాహ్నం కొండంత తెల్లన్నం మీద పప్పు ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పప్పుచారు, సాయంత్రం మిర్చి బజ్జీ, రాత్రి మళ్లీ అన్నం. బియ్యం, రవ్వ, మైదా, చక్కెర, అంతే. పొట్టూ పీచూ తీసేసిన తిండి తొందరగా అరిగి రక్తంలో చక్కెర గబుక్కున పెరుగుతుంది, అంతే తొందరగా దిగుతుంది. క్లాసులో లెక్కలు చెప్పే టైముకి కడుపులో ఎలుకలు పరుగెత్తుతుంటాయి.

మన హైదరాబాద్ తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఆహార పట్టికలు వేసింది. పాలిష్ పట్టిన బియ్యం 100 గ్రాముల్లో పీచు 3 గ్రాముల లోపే, దంపుడు బియ్యంలో నాలుగున్నర దాకా ఉంటుంది. అదే జొన్నల్లో 10, తైదల్లో (అంటే రాగుల్లో) 11, సజ్జల్లో పదకొండున్నర. పొట్టుతో ఉన్న శనగల్లో ఏకంగా 25 గ్రాముల పీచు, దానికి తోడు 18 గ్రాముల పైన మాంసకృత్తులు. 2024 మేలో అదే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజు మొత్తం శక్తిలో ధాన్యాల నుంచి వచ్చేది 45 శాతం దాటొద్దన్నారు, మన దేశంలో అది 50 నుంచి 70 దాకా ఉందని కూడా రాశారు. మా పిల్లలది 70 కంటే ఎక్కువే ఉంటుందని నా అనుమానం.

అలాగని అన్నం మానేయమని నేను చెప్పను. ఈ మధ్య ఫోన్లో వీడియోలు చూసి ఒకబ్బాయి అన్నం, రొట్టె రెండూ బంద్ పెట్టాడు, గుడ్లూ చికెనూ తప్ప ముట్టడు. పది రోజులకు మూడో రౌండులోనే కాళ్లు బరువెక్కి మధ్యలో కూర్చుండిపోయాడు. గట్టిగా పరుగెత్తేటప్పుడు కండరాలకు ముందుగా కావాల్సింది గ్లైకోజెన్, అంటే ఒంట్లో నిల్వ ఉండే చక్కెర, అది ముఖ్యంగా తయారయ్యేది మనం తినే పిండిపదార్థం నుంచే. పరుగెత్తేవాడికి పిండిపదార్థం కావాల్సిందే, ఏ రూపంలో, దేనితో కలిపి, ఎప్పుడు తింటున్నాడనేదే చూసుకోవాలి. పరుగుకి అరగంట ముందు ఒక అరటిపండు చాలు, అప్పుడు జొన్న రొట్టె తింటే కడుపు పట్టేస్తుంది. పరుగయ్యాక మాత్రం నీళ్లు తాగి గంటలోపు గట్టి తిండి పడాలి.

ఇంకో మాట, పేరు చూసి మోసపోతున్నాం. తైదలు మంచివనగానే మెత్తటి పిండిని పల్చగా జావ కాచి ఇంత బెల్లం వేసి తాగిస్తున్నారు. క్యాల్షియం వస్తుంది, కాదనను, కానీ గంటన్నరకు మళ్లీ ఆకలే. మా నాయన నాగలి పట్టే రోజుల్లో జొన్నలు బరకగా విసిరి గట్క వండేవాళ్లు, చల్ల పోసుకుని ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తిని పోతే మధ్యాహ్నం సద్ది మూట విప్పేదాకా ఆకలి మాటే లేదు. బరకగా ఉన్న గింజ నెమ్మదిగా అరుగుతుంది, చల్ల, పప్పు, పల్లీలు తోడైతే ఇంకా నెమ్మది. సూపర్ మార్కెట్‌లో మిల్లెట్ బిస్కెట్ అని బొమ్మ వేసిన ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి, చాలావాటిలో మొదటి పేరు మైదాయే. (మా ఇంట్లో కూడా అవే కొంటున్నారు, నా మాట ఎవరు వింటారు.)

ఇక అసలు విషయానికొస్తాను. 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. మంచి పనే, దొడ్డు బియ్యం తినలేక దళారులకు అమ్ముకున్న ఇళ్లు నాకు తెలుసు. అయితే ఆ ఆరు కిలోల్లో రెండు కిలోలు జొన్నలు తీసుకుంటామన్నవాళ్లకు ఇవ్వడానికి అడ్డేంటి? 2013 ఆహార భద్రత చట్టంలోనే బియ్యం, గోధుమలతో పాటు చిరుధాన్యాలూ ఉన్నాయి, అప్పట్లో బియ్యానికి 3 రూపాయలు, గోధుమలకు 2, వీటికి 1 రూపాయి అని ధర కూడా రాశారు. పక్కనున్న కర్ణాటకలో కొన్ని జిల్లాల్లో రాగులు, కొన్ని జిల్లాల్లో జొన్నలు రేషన్‌లో ఇచ్చారు. అంతదూరం ఎందుకు, జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలు 1990ల్లోనే పడావు భూములు సాగు చేసుకుని జొన్నలతో సొంతంగా రేషన్ నడిపాయి, చదువురాని దళిత ఆడవాళ్లు చేసి చూపించిన పని అది. ఆదిలాబాద్ జిల్లాలో యాసంగి జొన్నలను రాష్ట్ర సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ మద్దతు ధరకు కొంటోంది, ఆ బస్తాల్లో కొన్నయినా మా రేషన్ షాపు దాకా రావచ్చు కదా. అందరి మీదా రుద్దమనట్లేదు, రొట్టె చేసే ఓపిక లేని ఇళ్లూ పళ్లు లేని ముసలివాళ్లూ ఉంటారు, వాళ్లకు బియ్యమే ఇవ్వండి.

జొన్నలు కుదరని చోట తెలంగాణ సోనా అనే ఆర్ఎన్ఆర్ 15048 బియ్యం వాడొచ్చు, రాజేంద్రనగర్ వ్యవసాయ వర్సిటీ తెచ్చిన రకం, గ్లైసెమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే లెక్క, తక్కువని వాళ్లే చెబుతున్నారు. రెండు పళ్లేలు లాగిస్తే ఏ బియ్యమైనా ఒకటే అనుకోండి.

హాస్టళ్లు, స్టడీ సర్కిళ్లు నడిపే అధికారులను అడిగేది ఇంకా చిన్నది. పొద్దున గ్రౌండు నుంచి వచ్చిన పిల్లలకు పిడికెడు శనగ గుడాలు పెట్టండి, రాత్రి నానేసి పొద్దున ఉడకబెట్టి పోపు వేయడమే, మనిషికి నాలుగైదు రూపాయలకు మించదు. పప్పుచారుకు బదులు గట్టి పప్పు. వారానికి రెండు రాత్రులు జొన్న రొట్టె. మెనూ చార్టులో గుడ్డు, అరటిపండు, పప్పు అన్నీ రాసే ఉంటాయి, గోడ మీద. నేను చూసిన ఒక హాస్టల్లో ఆ చార్టు కింద నిలబడి పిల్లలు నీళ్ల చారు పోయించుకుంటున్నారు. వార్డెన్‌ను అడిగితే బిల్లులు రాలేదన్నాడు, అదీ నిజమే కావచ్చు.

మా గ్రౌండు గేటు పక్కన ఒకామె సాయంత్రాలు కట్టెల పొయ్యి మీద జొన్న రొట్టెలు కాల్చి అమ్ముతుంది. షుగర్ ఉన్న పెద్దవాళ్లంతా బళ్ల మీద వచ్చి కట్టించుకుపోతారు, పరుగెత్తే పిల్లలు మాత్రం రెండు రొట్టెల డబ్బులతో హాస్టల్లో పూట గడుస్తుందని పక్క నుంచి వెళ్లిపోతారు. పొద్దున ఏడింటికి కూడా పెట్టమ్మా, పిల్లలకు ధర తగ్గించు అని మొన్న అడిగాను. "జొన్నలు కిలో ఎంత పడుతున్నయో ఎరికేనా సారూ, రేషన్ల ఇప్పియ్యి, పది రూపాయలకే ఇస్త" అంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ,
సిద్దిపేట జిల్లా