పిల్లల చదరంగం పోటీల్లో నిబంధనలు ముందే చెప్పాలి

సంపాదకుడు గారికి,

ఇటీవల పదకొండేళ్ల లోపు పిల్లలకు జరిగిన చదరంగం పోటీలో మా అబ్బాయి ఒక ఆట గెలిచాడు. గెలిచింది మావాడే అయినా ఆ గెలుపు నాకు మింగుడుపడలేదు.

మావాడికి ఒక బంటు ఎక్కువగా ఉంది. అవతలి బాబు మంత్రితో చెక్ మీద చెక్ ఇస్తూ, ఓడిపోవలసిన ఆటను ఎంతో నేర్పుగా నిలబెట్టుకున్నాడు. బల్ల మీద ఒకే స్థితి మూడుసార్లు వస్తే డ్రా, అంటే ఆట సమమని, కోరవచ్చు. ఆ స్థితిని మూడోసారి తెచ్చే ఎత్తు వేసి, గడియారం నొక్కి, ఆ తర్వాత చెయ్యెత్తి ఆ బాబు డ్రా కోరాడు. ఆర్బిటర్ (ఆట నిర్ణేత) కుదరదన్నారు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఆడిన ఆ బాబు కాసేపటికే మంత్రిని పోగొట్టుకున్నాడు.

ఆర్బిటర్ తప్పేమీ లేదు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే నియమాల ప్రకారం, తన ఎత్తుతో స్థితి మూడోసారి రాబోతుంటే, ఆటగాడు ఆ ఎత్తును బల్ల మీద వేయకుండా, ఎత్తులు రాసుకునే స్కోర్‌షీట్‌లో రాసి, ఆర్బిటర్‌ను పిలిచి, ఇదీ తాను వేయబోయే ఎత్తు అని చెప్పి డ్రా కోరాలి. ఎత్తు వేసేశాక అడిగే వంతు ఎదుటివారిది; బంటు ఎక్కువగా ఉన్న మావాడు ఎందుకు అడుగుతాడు? ఇందులో ఇంకో చిక్కుంది. డ్రా కోరే సందర్భంలో తప్ప ఎత్తును ముందుగా రాసుకోవడం నిషిద్ధం కాబట్టి, ముందు వేసి తర్వాత రాయమనే పిల్లలకు రోజూ నేర్పుతాం. ఆ బాబు నేర్చుకున్నదాన్నే పాటించి నష్టపోయాడు.

క్యాస్లింగ్ (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో కదపడం) చేయబోతూ రాజు కంటే ముందు ఏనుగును ముట్టుకుని, ఆ ఎత్తులో ఆ వైపు క్యాస్లింగ్ అవకాశం పోగొట్టుకునే పిల్లలూ ఉన్నారు. సాయం కోసం గడియారం ఆపి ఆర్బిటర్‌ను పిలవవచ్చన్న సంగతి తెలియనివారైతే ఇంకా ఎక్కువ.

వరంగల్‌కు చెందిన అర్జున్ ఎరిగైసి 2018లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 డిసెంబరులో గుకేశ్ ప్రపంచ విజేతగా నిలిచాడు. వారిని చూసి చదరంగం బల్ల ముందు కూర్చుంటున్న పిల్లల్లో చాలామందికి శిక్షకులు లేరు. ఇంట్లో తండ్రో తాతో నేర్పిన ఆటే వారి పెట్టుబడి. ఆట నడుస్తుండగా ఆర్బిటర్ సలహా ఇవ్వకూడదు కనుక, చెప్పవలసిందేదో మొదటి రౌండుకు ముందే చెప్పాలి. నిర్వాహకులు ప్రారంభ సభలో అతిథుల ప్రసంగాలను కాస్త కుదించి, ఓ పది నిమిషాలు బల్ల మీద పావులు పెట్టి, ఈ నాలుగైదు నియమాలను తెలుగులో చూపించాలని నా మనవి.

ఇట్లు,
ఒక బాల క్రీడాకారుడి తండ్రి,
హన్మకొండ