మే నెలలో 'కశ్మీర్ పీచ్' ఎక్కడిది?

సంపాదకుల వారికి,

మే మొదటి వారంలో మా కాలనీ పండ్ల దుకాణంలో పీచ్ పండ్లు కనబడ్డాయి. అట్టముక్క మీద 'కశ్మీర్ పీచ్' అని రాసి పెట్టారు. (పీచు ఎక్కువ కాబట్టే ఆ పేరని మా ఆవిడ ఇప్పటికీ నమ్ముతుంది.) కశ్మీర్‌లో ఆ వేళకు కాయలింకా పచ్చిగానే ఉంటాయి. హిమాచల్‌లోని రాజ్‌గఢ్ వైపు పండే జూలై ఎల్బర్టా రకానికైతే పేరులోనే నెల ఉంది. ఎక్కడి సరుకని అడిగితే, 'కశ్మీరే సార్' అన్నాడు.

అంత ముందుగా మన దేశంలో పీచ్ పండేది పంజాబ్ మైదానాల్లో. అక్కడ ఏప్రిల్ చివరికే కోతకొచ్చే రకం ఫ్లోర్డా ప్రిన్స్. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం 1982లో విడుదల చేసింది. చలిదేశాల పీచ్ రకాలు చాలావాటికి చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి ఎనిమిది వందల గంటలైనా తగలకపోతే మొగ్గలు సరిగా విచ్చుకోవు. ఫ్లోర్డా ప్రిన్స్‌కు 150 గంటలు చాలు. ఒకినావా లాంటి వెచ్చని చోట్ల పెరిగే, దక్షిణ చైనా మూలాలున్న పీచ్‌లతో సంకరం చేసి ఫ్లోరిడావారు ఇలాంటి రకాలు సాధించారు. లూధియానా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఫ్లోర్డా ప్రిన్స్‌ను పంజాబ్ రైతుకు సిఫారసు చేసింది.

ఆ నేలకు పీచ్ కొత్తది కూడా కాదు. కనిష్కుడి కాలంలో చైనా నుంచి వచ్చిన బందీలు చీనభుక్తి అనే చోట ఉన్నారనీ, పీచ్‌నీ బేరినీ వాళ్లే తెచ్చారనీ, అందుకే పీచ్‌ను 'చీనని', బేరిని 'చీనరాజపుత్ర' అంటారనీ ఏడో శతాబ్దపు యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ రాశాడు. ఆ చీనభుక్తి తూర్పు పంజాబ్‌లోదే. కథలో నిజమెంతైనా, 'చీన' అన్న పేరు మాత్రం పండు ఊరిని సరిగ్గా పట్టుకుంది. శాస్త్రవేత్తలు పెట్టిన 'పెర్సికా' పేరు పర్షియా అంటుంది. పండు పుట్టిల్లు చైనాయే.

అట్టముక్కతో పోయేదేమిటంటారా? తొందరగా పండే రకం కాయ చిన్నది, గుజ్జు కొంత టెంకను పట్టుకునే ఉంటుంది, నిలవ తక్కువ. దాన్నే కశ్మీర్ పండనుకుని తిన్నవాడు జూలైలో అసలుది వచ్చినా కొనడు. ముందుగా పండించిన పంజాబ్ రైతుకు పేరూ దక్కదు.

మామిడి బండి దగ్గర 'బంగినపల్లా, తోతాపురా' అని అడగందే మనం కదలం. బాటసింగారం మార్కెట్లోనూ, రైతు బజార్లలోనూ విడిగా అమ్మే పండ్ల పక్కన రకం, రాష్ట్రం రాయించే పని మార్కెటింగ్ శాఖ చేపట్టాలని కోరుతున్నాను. ఒక సుద్దముక్క చాలు.

– ఒక పాఠకుడు, హైదరాబాద్