కూలీకి 'డు', ఎమ్మెల్యేకి 'రు'

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మా టౌన్‌లో ఒక ఆఫీసుకి పని మీద వెళ్లాను. క్యూలో నా ముందు మాసిన పంచెతో డెబ్బై దాటిన పెద్దాయన. కౌంటర్‌లో కుర్రాడు ఆయన్ని "ఏయ్, నీకే చెప్పేది, జిరాక్స్ ఏది?" అని కసిరాడు. తర్వాత నా వంతు. "చెప్పండి సార్" అన్నాడు. జిరాక్స్ నేనూ తీసుకెళ్లలేదు.

దీని మీద ఘాటుగా రాద్దామని ఇంటికొచ్చి ఆ రోజు మీ పేపర్ తీశాను. జిల్లా పేజీలో ట్రాక్టర్ బోల్తా వార్త. కూలీ "మృతి చెందాడు". ఆయన కుటుంబాన్ని ఎమ్మెల్యే "పరామర్శించారు". అదే ప్రమాదంలో పోయిన ఆడకూలీ "మరణించింది". గేదె పోయినా అదే క్రియ కదా! కింద ఇంకో వార్తలో కోట్ల రూపాయల కేసులో నాయకుడు "అరెస్టయ్యారు", పక్కనే సైకిల్ దొంగ "దొరికాడు". ఇక ఆ కుర్రాణ్ణి ఏమని తిట్టను? (నేనూ పైన "కసిరాడు" అనే రాశాను. అలవాటు.)

"నువ్వు" అనడమే తప్పని కాదు. అమ్మనీ దేవుణ్ణీ అలాగే పిలుస్తాం. మా కోడలి పుట్టిల్లు కరీంనగర్ వైపు. వాళ్ల అమ్మమ్మ "నువ్వు తిన్నవా?" అంటే నాకు సగం కడుపు నిండుతుంది. ఆవిడ ఎవరినైనా అలాగే అడుగుతుంది. చొక్కాని బట్టి పిలుపు మారినప్పుడే బాధ.

పోలీసులు జనాన్ని "ఎడా", "ఎడీ" అని పిలవకూడదని 2021లో కేరళ హైకోర్టు చెప్పింది. మన "ఒరేయ్", "ఒసేయ్" లాంటివే అవి. పేపర్ల వాళ్లకి కోర్టు దాకా అక్కర్లేదనుకుంటాను.

ముప్పై ఏళ్లు ఊరూరా ఉత్తరాలు పంచినవాణ్ణి. పూరిగుడిసెకి వచ్చే కార్డు మీద కూడా "మహారాజశ్రీ" అనో, చివర "గారికి" అనో ఉండేది. చదువు రానివాళ్లు పక్కింటి పిల్లల చేత రాయించినా ఆ మాట మాత్రం మరిచేవాళ్లు కాదు.

నేరస్థుల సంగతి మీ ఇష్టం. ప్రమాదంలో పోయిన కూలీలకి, అప్పులతో ప్రాణం తీసుకున్న రైతులకి, ఆడవాళ్లకి "రు" పెట్టండి. "డు" తీసి "రు" పెడితే చోటు కూడా ఎక్కువ పట్టదు. జిల్లా పేజీతో మొదలుపెడితే చాలు.

ఇట్లు,
రిటైర్డ్ పోస్ట్‌మన్,
గుంటూరు జిల్లా