పేరుతో వెతకరాని రికార్డు గది

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో కాల్పులు జరిగినప్పుడల్లా ‘తుపాకి చట్టాల్లో లొసుగులు’ అన్న మాట చదువుతున్నాను. లొసుగంటే పొరపాటున మిగిలిపోయిన సందు. అక్కడున్నవి పట్టుబట్టి రాయించుకున్న షరతులు.

నేను ముప్పై ఏళ్లకు పైగా రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేశాను. పొలం కొనేవారు ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం) అడిగితే సూచిక పుస్తకాలు తిరగేసి, పేరు పట్టుకుని, పాత దస్తావేజు నంబరు తీసేవాళ్లం. 1998 తర్వాత కంప్యూటర్లు వచ్చి అది నిమిషాల పని అయింది.

అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని మార్టిన్స్‌బర్గ్‌లో తుపాకుల జాడ తీసే ప్రభుత్వ కేంద్రం ఉంది. హత్య జరిగినచోట తుపాకి దొరికితే అక్కడివారు తయారీదారును, తర్వాత టోకు వ్యాపారిని, ఆపైన దుకాణాన్ని అడుగుతూ పోవాలి. మూతపడిన దుకాణాల కాగితాలు పెట్టెలకొద్దీ ఆ కేంద్రానికే చేరతాయి. స్కాన్ చేస్తారు కానీ, కొన్నవారి పేరు కొట్టి వెతకడానికి వీల్లేదు. గుమస్తా ఒక్కొక్క పేజీ చూసుకుంటూ పోవలసిందే.

గుమస్తాలను ఏమనగలం? వారి చేతులు కట్టేశారు. కేంద్ర ప్రభుత్వం తుపాకి యజమానుల జాబితా తయారు చేయరాదని 1986 చట్టం చెబుతోంది. దానికోసం గట్టిగా పట్టుబట్టింది తుపాకి యజమానుల సంఘమైన నేషనల్ రైఫిల్ అసోసియేషన్. పేరుతో వెతకడానికి డబ్బు ఖర్చు పెట్టరాదని బడ్జెట్ బిల్లుల్లో ఇరికించారు. నేరచరిత్ర తనిఖీలో నెగ్గినవారి వివరాలు 24 గంటల్లో చెరిపేయాలి. ఈ కేంద్రాన్ని నడిపే తుపాకుల నియంత్రణ సంస్థ అధిపతికి సెనేట్ ఆమోదం తప్పనిసరి అని 2006లో తెచ్చారు. 2013 దాకా ఒక్కరికీ ఆ ఆమోదం దక్కలేదు.

జాబితా ఉంటే రేపు ప్రభుత్వం తుపాకులు లాక్కుంటుందని ఆ అసోసియేషన్ వారి భయం. సూచికలో పేరున్నందుకు పొలం పోయినవారిని నా సర్వీసులో చూడలేదు. పేరు ఎక్కక పోగొట్టుకున్నవారిని చూశాను.

నిరుడు టెక్సస్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. మనవడికి ఆరేళ్లు. బడిలో నేర్పారంటూ హాల్లో దీపం ఆర్పి, గోడ వారగా మోకాళ్లు ముడుచుకుని, నోటిమీద వేలుంచుకుని చూపించాడు. ‘దగ్గు వచ్చినా ఆపుకోవాలి తాతయ్యా’ అన్నాడు. దీపం వేయమని చెప్పడానికి కాసేపు నాకు గొంతు పెగల్లేదు.

మృతుల సంఖ్య ఎలాగూ వేస్తారు. ఈ షరతులు ఎత్తివేయాలని బిల్లు వచ్చి మూలన పడినప్పుడు కూడా వార్త వేయండి. ఎవరు అడ్డుకున్నారో పేర్లతో సహా వేయండి. మన పిల్లలు ఎందరికో ఇప్పుడు అక్కడ ఓటుంది.

– విశ్రాంత సబ్‌రిజిస్ట్రార్, తెనాలి